‘మావా’ అన్న మాటకు సాక్ష్యం

నిన్న ప్రయోగశాలలో కొత్త స్టాంపు ప్యాడ్ మూత తీశాను. మలేషియాలో జార్జ్ టౌన్‌కు కాస్త ఎడంగా ఉన్న ఫ్యాక్టరీలో కొలత పరికరాలను సరిచూసి, పత్రం రాసి, ముద్ర వేయడం నా ఉద్యోగం. ఊదారంగు సిరా వాసన తగలగానే చెయ్యి ఆగిపోయింది. ఆ వాసన వెనకే నీలగిరి తైలం వాసన కూడా రావాలి. రాలేదు. ఆ తైలం రాసుకునే నూకరత్నం పెద్దమ్మ పోయి ఏడాది దాటింది.

ఆవిడ నాకు బంధువు కాదు. ముప్ఫై ఏళ్లు కోర్టులో దుబాసీగా పనిచేసి, రిటైరయ్యాక రాజధాని నగరంలోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక పూలకొట్టు పైగదిలో అనువాదాల పని పెట్టుకుంది. వీసాలకూ కోర్టులకూ కావలసిన కాగితాలను తెలుగు, తమిళం, మలయ్ నుంచి ఇంగ్లీషులోకి మార్చి ముద్ర వేసి ఇచ్చేది. నాకు మొదటి ఉద్యోగం కాంట్రాక్టు ముగిసి, రెండోది దొరకని రోజుల్లో ఆ గదిలో చేరాను. మా ఇంట్లో తమిళమే ఎక్కువ. అమ్మ నాన్నను పిలిచేది కూడా తమిళంలోనే. నా తెలుగు ఆదివారం తరగతుల్లో, పుస్తకాల్లో నేర్చుకున్నది. అందుకే నేర్చినదాన్ని వరసగా పట్టిక కట్టుకున్నాను. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. రెండో వారంలో ఆ పట్టిక గర్వంగా చూపించాను. పెద్దమ్మ కళ్లజోడు పైకి తోసుకుని చూసింది.

“ఏటిది ఇంజినీరూ, మాటలకి నట్లు బిగించినావా?” అంది. ఇక్కడి అలవాటు కొద్దీ చివర ‘లా’ తగిలించింది: “ముందు టీ తాగు లా. తర్వాత ఇప్పుదువు గాని.”

తాను మాత్రం ఏ కాగితం తీసుకున్నా, దాని తలమీద పెన్సిలుతో రెండు పేర్లు రాసి మధ్య బాణం గీసేది. ఎవరు ఎవరితో అన్నారో తెలియకుండా ఒక్క మాట కూడా మార్చేది కాదు. వచ్చినవాళ్లను అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: “ఎవులు ఎవులితో అన్నారు?” నాకది ముసలివాళ్ల చాదస్తంలా తోచింది. కాగితం మీద అన్న మాట ఉండగా, అన్న మనిషితో పనేమిటనుకున్నాను.

ఆ రోజుల్లోనే సుంగై సుమున్ నుంచి లక్ష్మి వచ్చింది. నాలుగో నెల గర్భిణి. భర్త అప్పారావు అదే ఊళ్లో పుట్టి, నర్సు పని మీద బ్రిటన్‌లోని లీడ్స్ వెళ్లి, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. అందుకోసం మలేషియా పాస్‌పోర్టు వదులుకున్నాడు. ఇక్కడ రెండూ ఉంచుకోనివ్వరు కదా. ఇప్పుడు భార్యగా లక్ష్మికి అక్కడ స్థిరపడే వీసా రావాలి. కాన్పు నాటికి అతని దగ్గర ఉండాలన్నదొక్కటే ఆ అమ్మాయి కోరిక. కాపురం నిజమైనదని చూపడానికి ఇద్దరి ఫోను సందేశాలు ఇంగ్లీషులో కావాలంది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కంటి శుక్లం తీయించుకుంది. సందేశాలన్నీ నేనే చేశాను. పదకొండు భాగాల ఫైలు, రంగురంగుల చీటీలు, విషయసూచిక. ఒక్క పుట కూడా వరస తప్పలేదు. ఒక కంటికి కట్టుతో కూర్చున్న పెద్దమ్మను, చదివి వినిపించమంటారా అని అడిగాను.

“నువ్వు సేసినావు గదా. నమ్మినాను,” అని సంతకం పెట్టి ముద్ర వేసింది.

మూడు నెలలకు లక్ష్మి వీసా అధికారి రాసిన ఉత్తరం పట్టుకుని మెట్లెక్కింది. ఏడో నెల కడుపుతో ఆయాసపడుతూనే, కూర్చోకుండా ఆ కాగితం నా ముందుకు చాపింది. నేను అలవాటు కొద్దీ అంశాల వరసన చదివాను. జీతం సరిపోయింది. ఇల్లు సరిపోయింది. ఇంగ్లీషు పరీక్ష, క్షయ పరీక్ష సరిపోయాయి. ఆ తర్వాతి పేరా దగ్గర నా కళ్లు నిలిచిపోయాయి. దరఖాస్తుదారు తన భర్తను నలభై ఆరు చోట్ల ‘అంకుల్’ అని సంబోధించింది. వీరిద్దరూ మేనమామ, మేనకోడలు కారని మాకు నమ్మకం కలగలేదు. అలాంటి వివాహబంధం ఈ వీసాకు నిషిద్ధం. వీసా నిరాకరించడమైనది.

నా పట్టికలో ‘మావ’ పక్కన ఉన్న మాట అదే. ‘మావా, తిన్నావా’. ‘మావా, ఈ రోజు వాంతులు తగ్గినాయి’. నలభై ఆరు చోట్లా ఒకే మాట, ఒకే తప్పు. ఒక్క చోట వేరుగా రాసి ఉన్నా ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. ఎక్కడా తేడా రానివ్వలేదని అప్పుడు ఎంత సంతోషించానో.

పెద్దమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. నన్ను ఒక్క మాట అనలేదు. లక్ష్మిని కూర్చోబెట్టి, మీ ఆయన్ని ఒకసారి పిలువమ్మా అంది. లక్ష్మి ఏడుపు దిగమింగి, తల వంచుకుని, “మావా,” అంది. ఆ గొంతు విన్నవాళ్లెవరూ దాన్ని అంకుల్ అని రాయరు. నేను ఆ గొంతు వినలేదు, అడగలేదు.

“నీ వయసులో నేనూ అలాగే పిలిసినాను,” అంది పెద్దమ్మ. తర్వాత నావైపు తిరిగి, మామూలుగా చెప్పింది: “కాకపోతే నా మావ నిజంగా మావే. మా అమ్మ తమ్ముడు.”

అంతవరకూ ఆ అధికారి అనుమానం నాకు పిచ్చిగా తోచింది. మా వాళ్లలో అలాంటి పెళ్లిళ్లు జరిగాయనీ, ఇక్కడి చట్టం మా ఆచారానికి అంత చోటు ఇచ్చిందనీ ఆ మధ్యాహ్నమే తెలిసింది.

అప్పీలుకు జతచేసే వాంగ్మూలం ఆవిడ చెబుతుంటే నేను టైపు చేశాను. మావా అంటే మేనమామ, భార్య తండ్రి, భర్త తండ్రి, భర్త కూడా. ఆ తర్వాతి వాక్యం దగ్గర నా వేళ్లు ఆగాయి. మా సమాజంలో మేనమామను పెళ్లాడే ఆచారం ఉంది, నేనే అందుకు సాక్షిని అని రాయమంది. అది రాస్తే లక్ష్మికి ముప్పు కాదా, వదిలేద్దాం అన్నాను.

“వదిలేస్తే దాసినట్టు. వాళ్లు అడిగింది సరైన పెశ్నే. జవాబే మనం తప్పు సెప్పినాం.”

అందుకే లక్ష్మి తల్లీ అప్పారావూ తోబుట్టువులు కారని, వేరువేరు తల్లిదండ్రుల బిడ్డలని చూపే జనన పత్రాలు కూడా జతచేయించింది. చివర, అనువాదంలోని తప్పు నాదని రాశాను. ఆవిడ ఆ వాక్యం కొట్టేసి, ‘చదవకుండా సంతకం చేసినది నేను’ అని తన చేత్తో రాసింది. నేను వద్దన్నాను. వినిపించుకోకుండా ముద్ర వేసి, ప్యాడ్ మూత బిగించింది. నాకు తెలిసి ఆ ముద్రను ఆవిడ మళ్లీ వాడలేదు.

అప్పీలు నెగ్గింది, కానీ ఆలస్యంగా. ఆడపిల్ల వాళ్ల ఊరి దగ్గరి తెలుక్ ఇంతాన్ ఆసుపత్రిలో పుట్టింది. అప్పారావు ఫోను తెరలో చూశాడు. తండ్రి వల్ల ఆ బిడ్డ పుట్టగానే బ్రిటిష్ పౌరురాలు. పాలిచ్చే తల్లికి మాత్రం ఇంకా వీసా లేదు. ఆ కాన్పు రోజును ఏ అప్పీలూ వాళ్లకు తిరిగి ఇవ్వలేదు.

పోయిన నెల లక్ష్మి లీడ్స్ నుంచి ఫోను చేసింది. పిల్ల తల్లిని చూసి తండ్రిని ‘మావా’ అంటోందట. ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరొచ్చారని నర్సరీ టీచరు అడిగితే అదే చెప్పిందట. ఆవిడకు ఇంగ్లీషులో ఏమని రాసివ్వమంటావని నన్నే అడిగింది. ముందు పిల్ల పేరు రాసి, బాణం గీసి, నాన్న పేరు రాయమన్నాను.

నిన్న ముద్ర పక్కన పెట్టి, నా ముందున్న కొలతల పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాను. సహోద్యోగి చేసినది, నమ్మదగినవాడు. అయినా చదివాకే ముద్ర వేశాను.