తువ్వాలు కింద బేరం

మొన్న మంగళవారం మా మేనత్త పోయింది. రెడ్డిగూడెం నుంచి కబురు రాగానే వెళ్లాను. వచ్చినవాళ్లలో సగంమంది "గయ్యాళి మనిషి, పాపం" అన్నారు. ఆ గయ్యాళితనం ఆమెకు ఎందుకు అవసరమైందో నేను కళ్లారా చూశాను. ఒకప్పుడు ఆమెకు అడ్డుపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎనభైల్లో సంగతి. మామయ్య పోయాక మామిడితోటలో తొలి కాపు. చిన్నరసాలు ట్రాక్టరుకెత్తించి అత్త తానే నూజివీడు మార్కెట్టుకు బయల్దేరింది. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నేను తోడు వెళ్లాను. కాయ అప్పటికే రంగు తిరిగింది. వెనక్కి తెస్తే కుళ్లిపోవడమే.

అక్కడ ధర పైకి చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్లు నొక్కి చెబుతారు. అత్త రాశి ముందు నిలబడి చెయ్యి చాపింది. వ్యాపారి నవ్వుతూ వెనక్కి జరిగాడు.

"ఆడమనిషి చెయ్యి మేమెట్టా పట్టుకుంటామమ్మా? మగాణ్ణి పంపించు."

"అయితే నోటితో చెప్పండి, వింటాను."

"మొగుడు పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే బజారెక్కింది!" వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. ఎండ ముదిరింది. పక్క రాశులు అమ్ముడైపోతున్నాయి. మా వైపు ఒక్కడూ రావడం లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. అత్తనడక్కుండా తువ్వాలు కింద నేనే చెయ్యి పెట్టాను. వ్యాపారి వేళ్లు నొక్కి చెప్పింది మామయ్యకు వచ్చే ధరలో సగం కూడా కాదు. అయినా తలూపబోయాను. అత్త తువ్వాలు లాగి అవతల పారేసింది.

"తోట నాది. నా నోరేం పడిపోలేదురా!"

హమాలీలు మా బుట్టలు ముట్టుకోం అన్నారు. అత్త, మాతో వచ్చిన ఇద్దరు కూలి ఆడవాళ్లు, చివరికి నేనూ కలిసి మళ్లీ ట్రాక్టరుకెత్తాం. మధ్యాహ్నానికి హనుమాన్ జంక్షన్ చేరాం. ఆగిన ప్రతి బస్సు దగ్గరా, లారీ దగ్గరా అత్త కేకేసింది. "రసాలయ్యా, నూజివీడు రసాలు! వాసన చూసి కొనండి!" కాసేపటికి నేనూ అరిచాను.

మరుసటేడు మళ్లీ అదే మార్కెట్టుకు వెళ్లింది. ఒకే ఒక్క వ్యాపారి పైకి ధర చెప్పాడు. మిగతావాళ్లు ఆమెను చివరిదాకా క్షమించలేదు. నన్ను మాత్రం ఆమె క్షమించింది.

ఆ మొదటి రోజు జంక్షన్‌లో పొద్దు వాలుతుండగా అడిగాను, "నామీద కోపమొచ్చిందా అత్తా?"

"నీకు సిగ్గేసింది, నాకు భయమేసింది. అంతేరా." మిగిలిన వాటిలో నలిగిన పండొకటి తీసి జుర్రుకుంది. రసం మోచేతిదాకా కారింది. ఏలూరు బస్సు వచ్చి ఆగింది. టెంక రోడ్డవతలకి విసిరేసి, కొంగు బిగించి, బొంగురుపోయిన గొంతుతో కేకేస్తూ బస్సు కిటికీల వెంట నడిచింది.