ప్లగ్గుకు కట్టిన సన్న దారం

నేనిప్పుడు సౌదీల, ఖోబర్‌ పట్నంల బిడ్డ ఇంట్ల ఉంటున్న. పొద్దున సముద్రం ఒడ్డున ఒక బెంగాలీ తమ్ముడు చేపలు పడుతుంటే గాలానికి కట్టిన బరువు రాళ్లల్ల ఇరికింది. ఆయన ప్యాంటు మలుచుకొని నీళ్లల్లకు దిగబోయిండు. నా పానం ఆగమైంది.

నా ఈడోళ్లకు యాదికుంటది, కువైట్ యుద్ధమప్పుడు సౌదీల ఉన్నోళ్లు శానామంది ఇంటికొచ్చిన్రు. అందరు కంబళ్లు, టేప్‌రికార్డర్లు తెస్తే, అక్కడ మెకానిక్ పని చేసే మా నాయిన సంచెడు పాత కారు ఇంజన్ల ప్లగ్గులు తెచ్చిండు. వాటి పెట్రోలు వాసన ఇప్పటికీ నా ముక్కుల ఉంది. గోదావరిల మా గాలానికి అవే బరువు. గాలానికి నైలాన్ దారం, ప్లగ్గుకు మాత్రం బట్టలు కుట్టే సన్న దారం. ప్లగ్గు ఇరికితే గట్టిగ గుంజాలె. సన్న దారం తెగి ప్లగ్గు పోతది, గాలం చేతికొస్తది.

ఒకసారి అట్ల పోయిన ప్లగ్గు కోసం నేను నీళ్లల్లకు ఉరికిన. నాయిన జడ పట్టి ఎనక్కి గుంజిండు.

"పోరీ, ప్లగ్గులు సంచెడున్నయి. నువ్వు ఒక్కదానివే ఉన్నవు!"

నా కొడుకుకు వండుడు, ఉతుకుడు అన్నీ నేర్పిన. ఆ దారం కట్టుడు నేర్పలే. పోయిన వానకాలం, ఇరికిన గాలం ఇడిపిస్తనని గోదావరిల దిగిండు. మళ్ల పైకి రాలే.

అందుకే పొద్దున "భాయ్, మత్ ఉతరో!" అని, దిగొద్దని ఒర్లిన. ఆయన బెదిరి ఆగిండు.

"ఖాలా, బరువు పోతది కదా" అన్నడు హిందీల, నన్ను చిన్నమ్మ వరుస పెట్టి.

"పోనీ బిడ్డా" అన్న.

ఆయన దారం తెంపిండు. ఆయన మిగిలిన దారం చుట్టుకొని రూముకు పోయేదాక నేను ఆ ఒడ్డునే కూసున్న.