పదిహేడు నిమిషాల నలభై సెకన్లు

తొకుజీ తాతకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఒరోషి దీవి నుంచి హిసాకి దీవికి విమానం ఎంతసేపట్లో వెళ్తుందో ప్రతి ప్రయాణికుడికీ చెప్పడం. తొమ్మిది సీట్ల విమానం. అయినా ఏ ఇద్దరికీ ఒకే లెక్క చెప్పడు.

గోడ మీది బోర్డులో ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, పాతిక నిమిషాలు అని ఉంటుంది. "అది ఆఫీసువాళ్ళ ఓదార్పు," అంటాడు తాత.

బుల్లి విమానం కాబట్టి కౌంటర్లో బరువు చెప్పాలి. దాన్నిబట్టే సీటు. పక్క బెంచీ మీద తాత కళ్ళు మూసుకుని వింటాడు.

"యాభై నాలుగు," అంది చేపల వడలమ్మే హరుయో.

"కుడివైపు మూడోది. ఇరవై రెండు నిమిషాల పది సెకన్లు."

"పోస్టుమాస్టరుకి పంతొమ్మిదన్నావు! ఆయన మధ్యలో దూకుతాడా?"

"లెక్కపెట్టుకో. తప్పితే వచ్చి నా గడ్డం పీకు."

ఆ గడ్డం ఇంతవరకూ ఎవరూ పీకలేదు. భయమంతా అదే.

సీటు ఖాళీగా మిగిలితే దానికీ చెబుతాడు. "ఎనిమిది నిమిషాలు." ఎప్పుడూ ఎనిమిదే. అప్పుడు చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేస్తారు. ముప్పై ఏళ్ళ కింద ఆయన భార్య ఎక్కిన పడవ మునిగింది ఆ దారిలోనే. మనిషి దొరకలేదు.

ఐదేళ్ళుగా ఆ కౌంటర్లో కూర్చుని ఊరందర్నీ విమానం ఎక్కించిన సయో తను మాత్రం ఎక్కలేదు. భయం. ఆ రోజు హిసాకి ఆసుపత్రి నుంచి నిండు చూలాలైన అక్క ఫోను. "ఆపరేషనంటున్నారే. నువ్వొచ్చేదాకా నన్నెవర్నీ ముట్టుకోనివ్వను!"

"నలభై ఎనిమిది," అంది సయో, తన బరువు తనే రాసుకుంటూ.

"ఎడమవైపు రెండోది. పదిహేడు నిమిషాల నలభై సెకన్లు."

"అప్పుడేమవుతుంది తాతా?"

"లెక్కపెట్టు."

పైన అంతా తెల్లటి మంచు. కింద సముద్రం లేదు, పైన ఆకాశం లేదు. లెక్కపెడుతూ అందరి పెదాలూ కదులుతున్నాయి. ఎనిమిదో నిమిషానికి అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో తల వంచినట్టు రెక్క మెల్లగా కిందికి వాలింది. చూడకూడదనుకుంటూనే సయో పక్కకి చూసింది. ఖాళీ సీటుకి బెల్టు బిగించి ఉంది. రెక్క లేచింది. పెదాలు మళ్ళీ కదిలాయి.

పదిహేడు దాటింది. ఉన్నట్టుండి మంచు చీలింది. కింద ఆసుపత్రి. మూడో అంతస్తు కిటికీలో ఇంత పొట్టతో అక్క, ఎర్ర దుప్పటి ఊపుతోంది!

"విమానం కదలగానే ఆ ముసలాయన ఫోన్ చేశాడే," అంది ఆసుపత్రిలో అక్క. "ఏ కిటికీయో, ఏ నిమిషమో చెప్పి, 'పిల్ల భయపడుతోంది, ఎవరో ఒకరు కనిపించాలి' అన్నాడు. అందరి ఇళ్ళకీ చేస్తాడట. హరుయో మొగుడు రోజూ రేవులో గొడుగు ఊపుతాడు!"

వారం తర్వాత అక్క కూతురి ఫొటోతో సయో తిరిగొచ్చింది.

"ఎంత?" అన్నాడు తాత, కళ్ళు తెరవకుండానే.

"పదిహేడు నిమిషాల నలభై రెండు సెకన్లు."

అందరూ ఆ గడ్డం వైపే చూశారు. తాత కళ్ళు తెరిచి సయోని ఎగాదిగా చూశాడు.

"నిజం చెప్పు. నీ బరువెంత?"

సయో ఫొటో వెనక మొహం దాచుకుంది. "యాభై."

"కిలోకో సెకను," అని తాత తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.