నీళ్ళలోంచి వెండిని దించిన మా మామగారు

మా మామగారు నర్సింలు నాలుగు రోజుల కింద పొద్దున కాలం చేశారు. చాయ్ కాస్తుంటే లోపలినుంచి అత్త కేక వినబడింది. గిన్నె దించాలని కూడా నాకు తోచలేదు. అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఆయన్ని ఎరగని అవుసలి, అంటే కంసాలి, లేడు. అందుకే వచ్చిన నాలుగు అక్షరాలతో ఇది రాస్తున్నాను.

ఆయన పుట్టింది మగ్గాల ఇంట్లో. చీరలకు జరీ ఎక్కించిన ఆ చేతులే, పట్నం వచ్చాక చిరిగిన చీరలు కాల్చి జరీలోని వెండిని బయటికి తీశాయి. ఆ బూడిదను తేజాబు అనే ఘాటు ఆమ్లంలో వేస్తే వెండి కరిగి నీళ్ళలో కలిసిపోతుంది. అందులో రాగిరేకు ముంచితే మళ్ళీ బురదలా పేరుకుంటుంది. వినడానికి తేలికే. రేకు ఎప్పుడు ముంచాలో ఆయన వాసన చూసి చెప్పేవారు. ఆ వాసనే ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. బూడిద గాలికి లేచిపోతుందని ఆ పని చేసే గది కిటికీ ఎప్పుడూ మూసే ఉంచేవారు.

"జర కిటికీ తెరువుండ్రి మామా, ఊపిరాడ్తలేదు" అనేదాన్ని గడపలో నిలబడి.

"నిన్నెవరు రమ్మన్నరు బిడ్డా? పో, పప్పు మాడుతున్నది."

"పప్పు ఇంకా పొయ్యెక్కలే."

"అయితే పోయి ఎక్కియ్యి."

కొడుకును, అంటే మా ఆయన్ని, కుట్టుపనిలో పెట్టారు కానీ ఈ పని ముట్టనివ్వలేదు. "ఎవ్వరికీ నేర్ప. గీ అర్ర నాతోనే మూతబడాలె" అనేవారు. నేర్పలేదు నిజమే. గడపలోంచి చూసి నేనే నేర్చుకున్నాను.

ఆయన పోయేనాటికి పంజాగుట్ట అవుసలాయన వెండి ఇంకా కుండలోనే కరిగి ఉంది. పరామర్శకు వచ్చినాయన కుండలోకి తొంగి చూశాడు.

"గిండ్ల నీళ్ళే ఉన్నయి గదమ్మా. నా వెండేది?"

"మా ఇంటాయన ఒకరిది ఉంచుకునే మనిషా అన్నా?" అని అత్త మళ్ళీ ఏడుపందుకుంది.

మామగారి పేరు మీద ఆ మాట పడటం నేను ఓర్వలేకపోయాను. ముక్కుకు కొంగు చుట్టుకుని రాగిరేకు ముంచాను. సాయంత్రానికి వెండి దిగింది. అవుసలాయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "మీ మామ చెయ్యే వచ్చింది నీకు" అన్నాడు. రాలేదు. అందులో రాగి ఛాయ ఇంకా ఉంది. మామగారైతే మళ్ళీ కడిగేవారు.

మర్నాడు అవుసలాయన మనిషి, వెండి తీయమని మరికొన్ని జరీ బూడిద సంచులు దించిపోయాడు. నన్నడగకుండానే అత్త వాటిని ఆ అర్రలో పెట్టించింది. ఇల్లు గడవాలి కదా, ఆమెనేమంటాను?

మామగారి మాట పోకుండా నిలబెట్టాను. ఆ అర్ర తనతోనే మూతబడాలన్న ఆయన కోరికను మాత్రం ఆ చేత్తోనే చెరిపేశాను. అంతటి పనివాణ్ణి ఈ పేటలు మళ్ళీ చూడవు. ఆయనుంటే ఆ సంచులు వీధిలో పడేసి, నన్ను గడప నుంచి తరిమేవారు. ఇప్పుడు నన్ను తరిమేవాళ్ళు లేరు.