ఇస్సాకు తాత మొదటి ప్రశ్న

ముప్పై ఏళ్లుగా తహసీల్దారు ఆఫీసు గేటు పక్కన అర్జీలు టైపు చేసే ఇస్సాకు తాతకు సకల జనుల సమ్మెతో చేతిలో పని పోయింది. ఆఫీసుకు తాళం పడింది. తాత మాత్రం సమ్మె వైపే. బోరబండలో రోడ్డు మీద వంటావార్పు పెడితే రెండుసార్లు వడ్డించుకుని మరీ మద్దతు తెలిపాడు. వేళ్లకు ఆ సంగతి తెలియదు కదా, పొద్దున్నుంచీ మంచం పట్టె మీద టకటకలాడుతూనే ఉన్నాయి.

ఆ రోజు రైల్ రోకో. మనవరాలు కెజియా గచ్చిబౌలి ఆఫీసుకు పోలేక ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుంది. యాప్ తయారుచేసే ముందు దాని తెరలను బొమ్మలుగా గీసుకుని, నొక్కి చూసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ల కంపెనీది. వాడేవాళ్లు పంపిన విన్నపాలు ఆరు వందలున్నాయి. ముందు ఏది చేయాలో నాలుగింటికి మేనేజర్‌కు ఫోన్‌లో చెప్పాలి. కెజియా మూడు నెలల ప్రొబేషన్ గడువు ఆ వారంతో సరి. ఈ పనిని బట్టే ఆమెను ఉంచుకుంటారో పంపేస్తారో తేలుతుంది.

"ఎక్కువ మంది ఏమడిగిండ్రు బిడ్డా?"

"రంగులు, తాతా. ఇంకా రంగులు కావాలని నూట పన్నెండు మంది. ఇగ గదే చెప్త."

"నిన్న ఏమైందంట వాళ్లకు?"

"నిన్నేంది?"

"కిష్టమ్మ అని ఒకామె ఇంటి నంబరు మార్చమని అర్జీ రాయమంది. నిన్న ఏమైందమ్మా అన్న. పింఛన్ కాయిదం పక్కింటికి పోయిందంట. ఆమెకు కావాల్సింది పింఛన్, నంబరు గాదు. అడిగింది రాసేటోడు గుమాస్తా. జరిగింది అడిగేటోడు ఇస్సాకు."

తన పేరును సామెతల్లో ఇరికించుకోవడం తాతకున్న పాత జబ్బు.

"జర గొప్పలు ఆపు," అంటూనే కెజియా, రంగులు అడిగిన మాదాపూర్ రత్నమాలకు ఫోన్ చేసి అదే ప్రశ్న వేసింది.

"ఏం చెప్పమంటారండీ!" అంది రత్నమాల. "నేను గీసిన తెర క్లయింటు చేతికిచ్చాను. బొమ్మ నొక్కుతాడు, అక్షరాలు నొక్కుతాడు, బటన్ తప్ప అన్నీ నొక్కుతాడు. పనిచేయట్లేదని లేచి వెళ్లిపోయాడండీ. నొక్కాల్సినవాటికి తలో రంగూ వేద్దామంటే మీ దగ్గర రంగులే చాల్లేదు."

ఇంకో ఇద్దరిని అడిగినా అదే గోడు.

నాలుగింటికి కెజియా మేనేజర్ ఉదయ్ భాస్కర్‌తో, "రంగులు వద్దు సార్. తప్పు చోట నొక్కితే, నొక్కాల్సిన చోట్లన్నీ ఒక్కసారి వెలగాలి," అంది.

"దీన్ని ఒక్కరూ అడగలేదు కదండీ?"

మంచం పట్టె మీద టకటక ఆగిపోయింది. కెజియా ముగ్గురి కథలూ చెప్పింది.

"సరేనండీ, చేద్దాం. మీరే దగ్గరుండి చేయించండి. సోమవారం మీ ఉద్యోగం ఖాయం చేస్తూ ఆర్డర్ ఇప్పిస్తాను."

రెండు వారాలకు కొత్తది తయారైంది. సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. కెజియా దాన్ని ఫోన్‌లో పెట్టి ముందుగా తాతకే చూపించింది. తాత టైపు మిషన్‌ను కొట్టినట్టు తెరలో ఉన్న గుర్రం బొమ్మ మీద ఒక్క పోటు పొడిచాడు. బటన్లన్నీ తళుక్కుమన్నాయి.

"మెల్లగ, తాతా!"

"మంచిగున్నది. కానీ నాది గూడ ఒక అర్జీ రాసుకో. అక్షరాలు చిన్నగున్నయి."

కెజియా నవ్వాపుకుంది. "నిన్న ఏమైంది తాతా?"

తాత చొక్కా జేబు తడుముకున్నాడు.

"కండ్లద్దాలు యాడనో పెట్టి మర్చిపోయిన," అన్నాడు.