మా అల్లుడు పీకేసిన ప్యాకేజీ

మా అల్లుడికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటుంది. దాని ఊసు ఎత్తడు. ఎత్తేదంతా జీతం రాని పెత్తనం గురించే. కంప్యూటరుకు కావలసిన ప్రోగ్రాములన్నీ పోగుచేసి, ఒకదానితో ఒకటి పేచీ పడకుండా సర్ది, లోకానికి ఉచితంగా పంచే గుంపు ఒకటుందట. డిస్ట్రిబ్యూషన్ అంటారు. కంప్యూటరుకు పని చెప్పే భాషలు కొన్ని ఉంటాయి కదా, అందులో ఒక భాష తాలూకు ప్యాకేజీలన్నీ, అంటే ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడుకునే ముక్కలన్నీ, ఇతని చేతికిచ్చారు. ఏది దేనిమీద ఆధారపడిందో చూసుకోవడం, ఒకటి మారితే దాన్ని నమ్ముకున్నవి కూలకుండా కాయడం ఇతని పని. వంటింట్లో కుళాయి కారితే మాత్రం గుడ్డ చుట్టేది నేనే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!

ఆ గుంపుకు ఒక కట్టుబాటుంది. ఏ ప్యాకేజీ అయినా అందరికీ కలిపి ఒక్కటే ఉండాలి. ఎవరి పాత కాపీ వాళ్ళు మూటలో దాచుకోకూడదు. దాచుకున్నవాణ్ణి చూస్తే మా అల్లుడికి ఒళ్ళు మంట.

"సొంత కాపీ పెట్టుకోవడం ఒట్టి సోమరితనం అత్తయ్యగారూ! రేపు దాంట్లో లోపం బయటపడితే ఎవరు సరిచేస్తారు?" అని భోజనాల దగ్గర నాకు పాఠం.

"కంచంలోది చల్లారిపోతోంది, ముందు దాని సంగతి చూడు నాయనా" అనేదాన్ని.

నా కూతురిది మిషన్ ఎంబ్రాయిడరీ దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా కూర్చుని కుట్టి కుట్టి, చివరికి సొంతంగా పెట్టుకుంది. కాగితం మీది బొమ్మను కుట్లుగా మార్చి మిషన్‌కు అందించే ప్రోగ్రామును పెళ్ళయిన కొత్తలో అల్లుడే రాసిచ్చాడు. వడ్డాణం చేయించినంత గొప్పలు పోయాడు.

ఆ ప్రోగ్రాము ఒక పాత ప్యాకేజీని నమ్ముకుని నడిచేది. దాన్ని తయారుచేసినవాడు ఎప్పుడో వదిలేసి పోయాడు. అలాంటి దిక్కులేనిది తన గుంపులో ఉండరాదని అల్లుడు పంతం పట్టాడు. దాన్ని వాడే ప్రోగ్రాములన్నిటి వెంటా పడి కొత్తదానికి మార్పించాడు. ఆనక కంప్యూటరును అడిగితే, దీన్ని నమ్ముకున్నవి ఇంకేమీ లేవంది. లేవనే అంటుంది మరి! అది గుంపు లోపలున్నవాటినే లెక్కలోకి తీసుకుంటుంది, పెళ్ళాం దుకాణంలోకి తొంగి చూడదు. అయినా తన ధర్మమని లోకమంతటికీ కబురు పెట్టాడు, ఇది ఎవరికైనా కావాలా అని. ఎవరూ పలకలేదు. పలకవలసిన మనిషి పక్కగదిలో దారం ఎక్కిస్తోంది. తను రాసిచ్చినదాని సంగతి తనకే గుర్తు రాలేదు. పీకేశాడు. పీకేసి ఊరుకోక, సెలవురోజు చూసుకుని దుకాణం కంప్యూటరుకు తమ గుంపు కొత్త సరుకంతా తనే ఎక్కించాడు. అది పాతదాన్ని శుభ్రంగా ఊడ్చేసింది.

సరిగ్గా అప్పుడే కూతురికి పెద్ద పని దొరికింది. కొత్తగా తెరిచే ఆసుపత్రిలో నర్సుల కోట్లకు జేబు గుర్తులు. అవి నచ్చితే ఏటేటా ఆ పని తనదే. చెడితే దుకాణం మూసి మళ్ళీ ఎవరి చేతికిందో కుట్టాల్సిందే. మొదటి విడత కోట్లు కొన్ని తీసుకోవడానికి సాయంత్రానికి ఆసుపత్రి మేనేజరమ్మ వస్తానంది. పొద్దున కూతురు కూర్చుని చూస్తే ప్రోగ్రాము తెరుచుకోలేదు.

"ఏవండీ, ఇది చచ్చింది."

అల్లుడు వచ్చి చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"అదీ... దీనికి కావలసిన ప్యాకేజీ ఒకటి తీసేశారు."

"ఎవరండీ ఆ తీసేసిన మహానుభావుడు?"

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "చెప్పు నాయనా, సిగ్గెందుకు? మనవాడేగా!" అన్నాను గుమ్మంలోంచి.

చిటికెలో కొత్తదానికి మార్చేస్తానని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. మార్చాక కుట్టి చూస్తే గుర్తులోని అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గుడ్డ ముడుచుకుపోయి, అడుగున దారం ఉండకట్టింది.

"పాతదే పెట్టండి" అంది కూతురు.

"అలా విడిగా కాపీ పెట్టకూడదే..."

"పెట్టకపోతే మీ గుంపువాళ్ళొచ్చి సూదీ దారంతో కుడతారా?"

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. దొంగసొత్తు దాచేవాడిలా అటూ ఇటూ చూసి, ఆ పాత ప్యాకేజీ కాపీని ప్రోగ్రాము పక్కనే పెట్టాడు. మిషన్ కదిలింది. సాయంత్రం మేనేజరమ్మ వచ్చింది. గుర్తును బొటనవేలితో రుద్ది, వెనక్కి తిప్పి, గుడ్డను సాగదీసి చూసింది. "వచ్చే ఏడు కూడా మీరే కుట్టండమ్మా" అని మూట కట్టించుకుని వెళ్ళింది.

ఆవిడ గుమ్మం దాటగానే కూతురు మొగుడి వైపు తిరిగింది. "అవునూ, నా ప్రోగ్రాము మీ గుంపులో ఎందుకు లేదు? ఉంటే మీ కంప్యూటరు ముందే చెప్పేదిగా?"

"దాన్ని హడావుడిగా రాశాను. అందరి ముందూ పెట్టేంత శుభ్రంగా ఉండదు."

పెళ్ళానికైతే ఏదైనా చాలునన్నమాట! నేను నోరు తెరవబోయాను. కూతురు చేత్తో వారించింది.

"అయితే శుభ్రంగా రాయండి. అది మీ గుంపులో చేరేదాకా మిగతా ప్యాకేజీలు ముట్టుకోవద్దు. ఇక్కడే, నా పక్కనే కూర్చుని రాయండి."

కూర్చున్నాడు. తీరా చూస్తే, కుట్లకు ప్రోగ్రాము రాసిన పెద్దమనిషికి కుట్టు ఎలా పడుతుందో తెలియదు. కూతురు ఓ పాతగుడ్డా సూదీ చేతికిచ్చి, అంచు కుట్టి చూపించమంది. నాలుక బయటపెట్టి మరీ కుట్టాడు.

"ఇదా అంచు? ఎలుక కొరికినట్టుంది. విప్పండి."

విప్పడం మొదలుపెట్టాడు. దారం తెగకుండా విప్పడం కూడా చేతకాదు.