జాన్ ఇంటి తాళంచెవి

ఫోన్ మోగకపోయినా మోగినట్టు వినిపించడం ఉపేందర్‌కు చాన్నాళ్లుగా అలవాటైపోయింది. స్నానం చేస్తుంటే మోగేది, ముద్ద నోట్లో పెట్టుకుంటే మోగేది. తీసి చూస్తే ఏమీ ఉండదు. ఏమీ లేదని తెలిశాక కూడా గుండె దడ తగ్గేది కాదు.

నర్సింహులపేట దగ్గర ఒక తండా అతనిది. ఊరవతల కరెంటు సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు ఆపరేటర్. తోటి ఆపరేటర్ పని మానేశాక ఆ డ్యూటీ కూడా ఇతని నెత్తినే పడింది. కొత్త మనిషి వచ్చేదాకా సర్దుకోమన్నాడు ఇంజనీరు. ఆ కొత్త మనిషి ఇంకా పుట్టాడో లేదో కూడా తెలియదు. పైగా యాసంగి పంట కాలం, వరి పొట్ట మీదుంది. కరెంటు కాసేపు పోతే చాలు, చుట్టుపక్కల రైతులంతా ఇతనికే ఫోన్లు. కొందరు తిట్టేవాళ్లు, కొందరు బతిమాలేవాళ్లు. తిట్టేవాళ్లే నయం. బతిమాలినవాళ్ల గొంతు చెవిలోంచి పోయేది కాదు.

ఒత్తిడిని తట్టుకోవడం నేర్పిస్తామని ఒకసారి అందరినీ మహబూబాబాద్‌కు పిలిపించారు. ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన ఫోన్లన్నీ ఆపేయించి, కళ్లు మూసుకుని జలపాతాన్ని ఊహించుకోమన్నాడు. ఉపేందర్ కళ్లు మూసుకోగానే గురక పెట్టాడు. బయటికొచ్చి ఫోన్ తెరిచాడో లేదో, ఎందుకు ఆపేశావంటూ ఇంజనీరు చీవాట్లు పెట్టాడు. జలపాతం సంగతి ఆయనకు ఎవరు చెప్తారు?

ఇంట్లో ఏది మాట్లాడినా కసురుకునేవాడు. ఒకరోజు అన్నం పళ్లెం తోసేస్తే, భార్య రుక్కి మెతుకులు ఎత్తుతూ, నీకు ఏమవుతోందని తమ తండా భాషలో మెల్లగా అడిగింది. ఏమీ లేదన్నాడు. అబద్ధం. అతనికి భయంగా ఉంది, ఆ భయం పేరు జాన్.

జాన్ లైన్‌మన్. అతను స్తంభం మీద ఉన్నంతసేపు అతని ప్రాణం ఉపేందర్ చేతిలో ఉన్నట్టే. వాళ్లిద్దరి మధ్య ఒక పద్ధతి ఉంది, ఏ ఆఫీసూ నేర్పింది కాదు. లైన్ ఆపించి పనికి వెళ్లేముందు జాన్ తన ఇంటి తాళంచెవిని ఆ లైన్ స్విచ్ పిడికి తగిలిస్తాడు. పని ముగించి వచ్చి తనే తీసుకుంటాడు. తాళంచెవి వేలాడుతుంటే జాన్ తీగల మీద ఉన్నట్టు. పిడి ఖాళీగా ఉంటే ఇంటికి పోయినట్టు.

ఒకరోజు పొద్దున జాన్ తాళంచెవి తగిలించి వెళ్లాక, పెద్దాఫీసరు వస్తున్నాడు, స్విచ్చుల మీద దుమ్ము తుడవమని కబురొచ్చింది. ఉపేందర్ తాళంచెవి తీసి పక్కన పెట్టబోతుంటే ఫోన్ మోగింది. చేతిలోని తాళంచెవిని జేబులో వేసుకుని ఫోనెత్తాడు. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మరోటి. ఎండ ముదిరేసరికి తాళంచెవి తీసిన సంగతే మరిచిపోయాడు.

అప్పుడు నెల్లికుదురు వైపు నుంచి కొమురవ్వ అనే ముసలావిడ ఫోన్ చేసింది. "బిడ్డా, పొలం నెర్రెలు వాసింది. నీ కాల్మొక్త, జర కరెంటియ్యి," అని ఏడ్చింది. ఉపేందర్ పిడి వైపు చూశాడు. ఖాళీగా ఉంది. అమ్మయ్య, జాన్ వచ్చిపోయాడనుకున్నాడు. తిప్పాడు.

తిప్పిన మరుక్షణమే పెద్ద చప్పుడుతో లైన్ దానంతటదే మళ్లీ ఆగిపోయింది. ముఖం తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి తాళంచెవి తగిలింది.

జాన్‌కు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. బండి ఎట్లా తీశాడో, పొలాల గట్ల మీద ఎట్లా నడిపాడో అతనికి తెలియదు. దేవుళ్లందరికీ మొక్కాడు, జాన్ దేవుడికి కూడా మొక్కాడు.

జాన్ స్తంభం కింద కూర్చుని ఉన్నాడు. సీసా ఎత్తి తాగుతున్న నీళ్లు సగం చొక్కా మీద ఒలుకుతున్నాయి. అవతలి స్తంభం దగ్గర తీగల మీద ఎర్తు గొలుసు వేలాడుతోంది. లైన్‌లో వచ్చిన కరెంటంతా ఆ గొలుసు మీదుగా భూమిలోకి దిగిపోయింది. తాళంచెవి పద్ధతి వచ్చాక జాన్ గొలుసు వేయడం ఎప్పుడో మానేశాడు.

"గొలుసెందుకేసినవన్నా?" అన్నాడు ఉపేందర్. అడగాల్సింది అది కాదు, కానీ అదే వచ్చింది.

"నెల సంది ఏస్తున్న. నీ కండ్లు జూసినప్పటి సంది."

"మరి నాకు చెప్పలేదేందే?"

"చెప్తే పైకి తెలుస్తది. నిన్ను తీసేస్తరు. రుక్కి ఏం తింటది?"

ఉపేందర్ గట్టు మీద కూలబడి ఏడ్చాడు. తన భయం ఎవరికీ కనపడనివ్వడం లేదనుకున్నాడు ఇన్నాళ్లు. కనపడింది. చూసినవాడు నోరు మూసుకుని, రోజూ స్తంభమెక్కే ముందు గొలుసొకటి మోసుకొచ్చాడు. సిగ్గు, కృతజ్ఞత, కోపం ఒక్కసారే వచ్చాయి.

జాన్ గొలుసు విప్పాడు. ఇద్దరూ ఒకే బండి మీద సబ్‌స్టేషన్‌కు వచ్చారు. స్విచ్ జాన్ తిప్పాడు. ఉపేందర్ గడప దాటలేదు. బయట మెట్టు మీద నిలబడి, జాన్ బయటికి రాగానే తాళంచెవి అతని చేతిలో పెట్టి, రేపటి నుంచి తనను నమ్మి పిడికి తగిలించొద్దన్నాడు. తర్వాత ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఆయన హలో కూడా అనకుండానే, ఇంకొన్నాళ్లు సర్దుకోమని మొదలుపెట్టాడు.

"సార్, నేనియ్యాల జాన్ అన్నను సంపిన," అన్నాడు ఉపేందర్. "గొలుసుండబట్టి ఆయన సావలే, గంతే."

కొత్త మనిషి వచ్చేదాకా స్విచ్ ముట్టనని చెప్పాడు. ఉపేందర్ ఫోన్ చెవికి పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.